వాల్వు విఫలమైతే కార్మికుడు దోషియా? సుక్మాకు రైలు రాకముందే అడగవలసిన ప్రశ్న



బస్తరు దక్షిణపు కొసన, ఒడిశా సరిహద్దుగా ప్రవహించే శబరి నది పక్కన సుక్మా జిల్లా ఉన్నది. 2012లో దంతెవాడ నుండి విడివడి జిల్లాగా ఏర్పడినది. తెలుగు మాట వినిపించే కుంట ఈ జిల్లాలోనిదే. ఇక్కడికి నేటికీ రైలు మార్గము లేదు. సుక్మాకు చేరే ప్రతి తపాలా సంచీ, ప్రతి బియ్యపు బస్తా, ప్రతి మందుల పెట్టె రోడ్డు మీదనే రావలసి ఉన్నది.

ఇప్పుడు రైలు వస్తుందని చెబుతున్నారు. కొత్తగూడెం నుండి కిరండూల్ వరకు 160 కిలోమీటర్లకు పైబడిన కొత్త మార్గానికి తుది సర్వే జరుగుతున్నదని 2025లో రైల్వే మంత్రిత్వ శాఖ ప్రకటించినది. అందులో సుమారు 138 కిలోమీటర్లు దంతెవాడ, బీజాపూర్, సుక్మా జిల్లాలలోనే ఉంటుందట. పొరుగున మల్కనగిరి నుండి భద్రాచలం మీదుగా పాండురంగాపురం వరకు మరొక మార్గానికి 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపినది. ఆదివాసీ ప్రజలకు రైలు అందితే సంతోషించేవారిలో మనమే ముందుంటాము. పట్టాలు వేసేదీ, బండి నడిపేదీ, ఆ బండిలో ఉత్తరము పంపేదీ మనమే కదా!

అయితే ఒక ప్రశ్న ఉన్నది. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని వంతెనలు, ఎన్ని కోట్లు అన్న లెక్కలు పత్రికలకు అందుతున్నవి. ఆ మార్గము మీద దిగే ఖనిజపు బండిని ఆపే గాలిని ఎవరు కాపాడుతారు అన్న లెక్క మాత్రము ఎక్కడా కనబడదు. ఆ గాలిని తయారుచేసేది కంప్రెసరు. ఆ కంప్రెసరును నమ్మదగినదిగా ఉంచేవి దానిలోని చిన్న చిన్న వాల్వులు. వాల్వులను నమ్మదగినవిగా ఉంచేది ఫిట్టరు చేయి. ఈ గొలుసులో చివరి లంకెను తెంచివేసి, ప్రమాదం జరిగిన రోజున ఆ చేతికే సంకెలలు వేయుట మన యాజమాన్యాలకు అలవాటైపోయినది. ఆ అలవాటును ఎండగట్టుటకే ఈ వ్యాసము.

వాల్వు ఎట్లు పాడగును?

రైల్వే సోదరులకు తెలిసినదే అయినా, తపాలా సోదరుల కొరకు క్లుప్తముగా చెప్పుకొందాము. ఇంజనులోని కంప్రెసరు బయటి గాలిని పీల్చి, నొక్కి, ప్రధాన రిజర్వాయరుకు పంపుతుంది. అక్కడ పీడనము చదరపు సెంటీమీటరుకు సుమారు 8 నుండి 10 కిలోగ్రాముల మధ్య నిలవాలి. అక్కడి నుండి బ్రేకు పైపులోనికి 5 కిలోగ్రాముల పీడనముతో గాలి వెళ్ళి బండి పొడవునా నిండుతుంది. డ్రైవరు ఆ పీడనమును తగ్గించినప్పుడు ప్రతి వ్యాగను కింద ఉన్న డిస్ట్రిబ్యూటరు వాల్వు కదలి, వ్యాగనులో నిలువ ఉన్న గాలిని బ్రేకు సిలిండరుకు మళ్ళిస్తుంది. బండి ఆగుతుంది. పైపు తెగినా పీడనం పడిపోయి బ్రేకు దానంతటదే పడుతుంది. మంచి ఏర్పాటే. కాని ఈ ఏర్పాటంతా గాలి ఉన్నదన్న నమ్మకము మీద నిలిచి ఉన్నది.

కంప్రెసరులో పీల్చే వాల్వు, పంపే వాల్వు అని రెండు రకాల పలుచని ఉక్కు పలకలుంటవి. యంత్రము నిమిషానికి వేయి చుట్లు తిరిగితే పలక నిమిషానికి వేయి సార్లు లేచి పడుతుంది. గంటకు 60 వేల దెబ్బలు. పది గంటల పనిలో 6 లక్షల దెబ్బలు. బస్తరు ఎర్రమట్టి దుమ్ము, ముడి ఇనుము పొడి ఫిల్టరు దాటి లోనికి పోతే పలక కూర్చునే చోట గీతలు పడుతవి. గీత పడిన చోట వేడి గాలి వెనుకకు కారుతుంది. కారిన వేడి గాలిని మరల నొక్కవలసి వస్తుంది గనుక వేడి ఇంకా పెరుగుతుంది. వేడికి నూనె మాడి బొగ్గై పలకకు అంటుకొంటుంది. బొగ్గు అంటిన పలక ఇంకా సరిగా మూసుకోదు. ఒక చిన్న లోపము తన్ను తానే పెంచుకొను విధము ఇది.

అన్‌లోడరు వాల్వు కథ వేరు. రిజర్వాయరు నిండినప్పుడు కంప్రెసరుకు భారము తీసివేయుట, మరల ఆరంభించునప్పుడు తేలికగా కదలనిచ్చుట దీని పని. తెరుచుకొని బిగుసుకొంటే యంత్రము తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రము రాదు. మూసుకొని బిగుసుకొంటే మోటారు నిండు భారముతో ఆరంభమై కాలిపోతుంది, లేదా ట్రిప్పు అవుతుంది. వానకాలములో నీరు వదిలే డ్రెయిను వాల్వు పనిచేయకపోతే తేమ పైపులలోనికి పోయి మిగిలిన వాల్వులను తుప్పు పట్టిస్తుంది. రబ్బరు డయాఫ్రములకు, రింగులకు వయసున్నది. గోదాములో మూడు సంవత్సరాలు పడి ఉన్న రబ్బరు సంచి విప్పిన నాడు కొత్తగానే కనబడుతుంది, బిగించిన తరువాత పగులుతుంది.

ఈ లోపాలలో ఏదీ ఒక్క రోజులో పుట్టదు. వారాల తరబడి సైగ చేస్తూనే ఉంటుంది. వాల్వు మూత మీద చేయి పెట్టిన ఫిట్టరుకు పక్క మూత కన్న ఇది వేడిగా ఉన్నదని తెలుస్తుంది. రిజర్వాయరు సున్న నుండి 8 కిలోగ్రాములకు నిండుటకు పోయిన నెల కన్న ఈ నెల ఎక్కువ సమయము పట్టినదని గడియారము చెబుతుంది. చెవికి శబ్దము మారుతుంది. కాబట్టి వాల్వుల నమ్మకమును పెంచే మార్గము గొప్ప రహస్యమేమీ కాదు. చేయి పెట్టే మనిషి ఉండాలి. గడియారము చూచే సమయము ఉండాలి. వ్రాసే రిజిస్టరు ఉండాలి. మార్చుటకు మంచి విడిభాగము ఉండాలి. ఈ నాలుగింటిలో ఏది కోతపడినా వాల్వు నమ్మకము కోతపడినట్లే.

ఘాటు మీద ఏమగును?

సుక్మాకు రాబోయే మార్గానికి పాఠము చెప్పగలిగినది కొత్తవలస–కిరండూల్ మార్గమే. బైలదిల్లా గనుల ముడి ఇనుమును విశాఖ రేవుకు దించుటకు 1960లలో నిర్మించిన మార్గమది. శిమిలిగుడ వద్ద సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తుకు చేరి, అక్కడి నుండి అనంతగిరి కొండల గుండా సముద్రపు దిక్కుకు దిగుతుంది. ఘాటులో 60 మీటర్లకు ఒక మీటరు వాలు. నాలుగు వేల టన్నులకు పైబడిన ఖనిజపు బండి ఆ వాలున దిగుతుంటే డ్రైవరు చేతిలో ఉన్నది గాలి ఒక్కటే కాదు, ఇంజను మోటార్ల విద్యుత్ బ్రేకు కూడా ఉన్నది నిజమే. కాని విద్యుత్ బ్రేకు విఫలమైన నాడు, లేక బండి నిలబడిన నాడు, గాలి తప్ప దిక్కు లేదు.

బ్రేకు వేసి వదిలిన ప్రతిసారీ గాలి ఖర్చగును. దానిని కంప్రెసరు తిరిగి నింపాలి. వాల్వులు బలహీనమైన కంప్రెసరు ఆలస్యముగా నింపుతుంది. అప్పుడు వెనుక వ్యాగన్ల బ్రేకులు పూర్తిగా విడవక చక్రాలను పట్టుకొని ఈడ్చుకొనిపోతవి. బ్లాకులు వేడెక్కుతవి. వేడెక్కిన బ్లాకు పట్టు తగ్గుతుంది. గాలి నిండేవరకు ఆగుదామని డ్రైవరు బండిని నిలిపితే ‘సెక్షనులో సమయము పోగొట్టినాడు’ అని కంట్రోలు నుండి గద్దింపు. ఆగకుండా పోయి ఏదైనా జరిగితే ‘నిబంధన ఉల్లంఘించినాడు’ అని ఛార్జిషీటు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

బండి వెంట బ్రేక్ పవర్ సర్టిఫికెట్ ఉన్నది కదా అని అధికారులు అంటారు. ఉన్నది. బయలుదేరిన చోట ఎన్ని బ్రేకు సిలిండర్లు పనిచేస్తున్నవో అది చెబుతుంది. ఇంజను కంప్రెసరు ఘాటు మధ్యలో ఎంత వేగముగా గాలిని తిరిగి నింపగలదో అది చెప్పదు. ఆ సంగతి చెప్పవలసిన కాగితము లోకో షెడ్డులో ఉండాలి. ఆ కాగితమునకు ఎంత విలువ ఇస్తున్నారన్నదే మన ప్రశ్న.

ఎక్కడైనా అదే తీర్పు

కంప్రెసరు ఆగితే ఏమగునో ప్రపంచము 2013 జూలై 6న చూచినది. కెనడాలోని లాక్ మెగాంటిక్ పట్టణానికి ఎగువన ముడిచమురు నిండిన 72 ట్యాంకులతో ఒక బండిని రాత్రి వాలు మీద నిలిపి డ్రైవరు విశ్రాంతికి వెళ్ళినాడు. ఆ బండిని నడుపుటకు ఆయన ఒక్కడే మనిషి. ముందు ఇంజనులో మంటలు లేచినవి. ఎనిమిది నెలల క్రితము ఆ ఇంజనుకు సరికాని పదార్థముతో మరమ్మతు చేసి నెట్టుకొని వచ్చినారు. అగ్నిమాపక సిబ్బంది మంట ఆర్పి ఇంజనును ఆపినారు. ఇంజను ఆగగానే కంప్రెసరు ఆగినది. గాలి మెల్లగా కారిపోయినది. చేతి బ్రేకులు ఏడు మాత్రమే వేసి ఉన్నవి. అవి చాలలేదు. బండి దొర్లి, పట్టణము నడిబొడ్డున పట్టాలు తప్పి పేలినది. 47 మంది మరణించినారు. అక్కడి వాలు వందకు 1.2 మాత్రమే. మన అనంతగిరి వాలు అంతకన్న నిలువైనది!

అరెస్టయినది ఎవరు? డ్రైవరు, కంట్రోలరు, ఆపరేషన్స్ మేనేజరు. ఆ దేశపు రవాణా భద్రతా మండలి 2014లో విచారణ ముగించి 18 కారణాలను లెక్కించినది. మరమ్మతు లోపము, కంపెనీలో భద్రతా వ్యవస్థ బలహీనత, ప్రభుత్వ పర్యవేక్షణ లోపము వాటిలో ఉన్నవి. అయినా బోనులో నిలబడినది ముగ్గురు ఉద్యోగులు. 2018 జనవరిలో జ్యూరీ ఆ ముగ్గురినీ నిర్దోషులని ప్రకటించినది. సామాన్య పౌరులైన జ్యూరీ సభ్యులకు కనబడిన సత్యము ఏలినవారికి కనబడలేదు.

అంత దూరము పోనక్కర లేదు. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్‌లో ఏమి జరిగినది? విషద్రవాన్ని చల్లగా ఉంచవలసిన శీతలీకరణ యంత్రమును ఆ సంవత్సరము జూన్ నెల నుండే యూనియన్ కార్బైడ్ కర్మాగారములో ఆపివేసినారు. శీతలీకరణ యంత్రమంటే కంప్రెసరే, దాని వాల్వులే. విషవాయువును కడిగే స్క్రబ్బరు సిద్ధముగా లేదు. కాల్చివేసే గొట్టము మరమ్మతు కొరకు విప్పి ఉన్నది. ఇంత జరిగిన తరువాత కంపెనీ ఏమన్నది? అసంతృప్తి చెందిన ఒక కార్మికుడు కావాలని నీరు పోసినాడన్నది! యంత్రము ఆపి పొదుపు చేసినవారు దొరలు, ఆరోపణ మోసినవాడు కూలి. ఆ రాత్రి భోపాల్ స్టేషనులో విధి విడువక నిలిచి ప్రాణములర్పించిన రైల్వే సోదరులను ఈ సందర్భమున స్మరించుకొందాము.

మన విశాఖలో 2012 జూన్ 13న ఉక్కు కర్మాగారపు కొత్త స్టీల్ మెల్ట్ షాపులో ఆక్సిజన్ పీడనమును తగ్గించి నియంత్రించే కేంద్రము ప్రయోగాత్మకముగా నడుపుచుండగా పేలినది. అధికారులు, కార్మికులు కలిసి 15 మందికి పైగా బలియైనారు. పీడనములో ఉన్న ఆక్సిజను ఎట్టిదో ఆ రంగములో పనిచేసిన ప్రతివానికి తెలుసును. వాల్వులో చిటికెడు గ్రీజు, ఒక ఇనుప రజను, లేక తొందరగా తిప్పిన ఒక చక్రము చాలును, ఇనుమే కట్టెవలె మండుటకు. అట్టి చోట వాల్వుకు కావలసినది శుభ్రత, నిదానము, పనివాని అనుభవము. గడువు తేదీల తొందర ఈ మూడింటికీ శత్రువు.

ఈ మూడు దుర్ఘటనలలో యంత్రాలు వేరు, వాయువులు వేరు, దేశాలు కూడా వేరు. వాల్వు మీద, దానిని కనిపెట్టుకొని ఉండే మనిషి మీద పొదుపు చేయవచ్చునన్న లెక్క మాత్రము ఎక్కడికి పోయినా ఎదురవుతుంది. దానికి మూల్యము చెల్లించినవారు ఆ లెక్క వేసినవారు కారు.

యాజమాన్యపు మూడు వాదములు

మొదటి వాదము: “కొత్త రకము కంప్రెసర్లు వస్తున్నవి, సెన్సార్లు వస్తున్నవి, పాత వాల్వుల గొడవ ఇక ఉండదు.” స్క్రూ కంప్రెసర్లు వస్తున్న మాట నిజము. వాటిలో లేచి పడే పలకలు లేని మాటా నిజము. కాని గాలిని లోనికి అనుమతించే వాల్వు, కనీస పీడనమును నిలిపే వాల్వు, నూనె వేడిని సరిచూచే వాల్వు, ఆగినప్పుడు పీడనమును వదిలే వాల్వు అందులోనూ ఉన్నవి. వాటికీ రబ్బరు, స్ప్రింగు, ఫిల్టరు ఉన్నవి. సెన్సారు జ్వరము చూపే థర్మామీటరు వంటిది. థర్మామీటరు కొని వైద్యుని తీసివేసిన ఆసుపత్రిని ఎవరైనా మెచ్చుకొంటారా? కొత్త యంత్రమును మనము వద్దనుట లేదు. దానిని విప్పి బిగించే శిక్షణ మన షెడ్డు ఫిట్టరుకు ఇవ్వకుండా, కంపెనీ మనిషి రాజధాని నుండి వచ్చేవరకు ఇంజనును మూలన నిలబెట్టే ఒప్పందాలను వద్దంటున్నాము.

రెండవ వాదము: “పని బయటి కాంట్రాక్టరుకు ఇచ్చితే ఖర్చు తగ్గుతుంది.” కాగితము మీద తగ్గుతుంది. ఒక షెడ్డులో ఇరవై సంవత్సరాలు పనిచేసిన ఫిట్టరుకు ఏ ఇంజను కంప్రెసరు ఏ వానకాలములో మొరాయించినదో గుర్తుంటుంది. సంవత్సరానికొకసారి మారే కాంట్రాక్టు కూలికి ఆ జ్ఞాపకము ఎట్లు వస్తుంది? అతని తప్పు కాదది. అతనికి సరియైన కూలి లేదు, శిక్షణ లేదు, రేపటికి ఉద్యోగము ఉంటుందన్న భరోసా లేదు. లోపము కనబడినా నోరు విప్పితే ఎల్లుండి గేటు లోపలికి రానివ్వరు. నోరు విప్పలేని పనివాని చేతిలో వాల్వును పెట్టుట అంటే మాట్లాడే గేజిని తీసివేసి మూగ గేజిని బిగించినట్లే. కాంట్రాక్టు కార్మికుడు మన శత్రువు కాడు. అతనిని క్రమబద్ధము చేయుట మన పోరాటములో భాగము.

మూడవ వాదము అన్నిటికన్న కపటమైనది: “ఉద్యోగులు నిబంధనలు పాటిస్తే ప్రమాదాలే జరగవు.” 2018 ఏప్రిల్‌లో ఒడిశాలోని టిట్లాగఢ్ వద్ద ఇంజను విడదీసిన తరువాత అహ్మదాబాద్–పూరీ ఎక్స్‌ప్రెస్ పెట్టెలు ప్రయాణికులతో సహా పది కిలోమీటర్లకు పైగా దొర్లిపోయినవి. 2024 ఫిబ్రవరిలో కఠువా నుండి డ్రైవరు లేని గూడ్సు బండి డెబ్బది కిలోమీటర్లు పరుగెత్తినది. బండిని కట్టిపెట్టుటలో లోపము జరిగిన మాట వాస్తవము, దానిని మేము దాచము. కాని నిబంధన పుస్తకములో వ్రాసిన పనికి నలుగురు కావలసి ఉండగా ఇద్దరిని నిలబెట్టి, పన్నెండు గంటలు పని చేయించి, బండి కదలిన పిమ్మట పుస్తకము తెరచి చదివి వినిపించుట న్యాయమా? విచారణ అధికారి మొదట అడగవలసినది ‘ఎవరు?’ అని కాదు. ‘ఆ చోట ఎంతమంది ఉండవలెను, ఎంతమంది ఉండిరి?’ అని.

డబ్బు లేదంటారా? 2017–18లో ఐదు సంవత్సరాలకు ఒక లక్ష కోట్ల రూపాయలతో రాష్ట్రీయ రైల్ సంరక్షా కోశ్ అని భద్రతా నిధిని ప్రకటించినారు. అందులో ఏటా 5,000 కోట్లు రైల్వేలు తమ సొంత వనరుల నుండి జమచేయవలసి ఉన్నది. ఆ వాటా పూర్తిగా జమ కాలేదనీ, నిధిలో కొంత ప్రాధాన్యము లేని పద్దులకు పోయినదనీ పట్టాలు తప్పిన ప్రమాదాలపై 2022లో పార్లమెంటు ముందుంచిన నివేదికలో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ వ్రాసినారు. ఇది ఎర్ర జెండా పట్టినవారి మాట కాదు, ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే రాజ్యాంగ అధికారి మాట.

భద్రతను ఎవరూ దానముగా ఇవ్వలేదు

గాలి బ్రేకు చరిత్రను చూడండి. అమెరికాలో వెస్టింగ్‌హౌస్ 1869లో గాలి బ్రేకుకు పేటెంటు పొందినాడు. 1870లలోనే పైపు తెగినా తానే పడే బ్రేకును తయారుచేసినాడు. ఉపాయము చేతికి వచ్చినది. రైలు కంపెనీలు గూడ్సు బండ్లకు దానిని బిగించినవా? లేదు. కదిలే వ్యాగన్ల కప్పుల మీద, మంచులో, వానలో పరుగెత్తి చేతి చక్రాలు తిప్పే బ్రేకుమన్లు జారిపడి చచ్చిపోతూనే ఉన్నారు. బ్రేకు ఖరీదు కన్న బ్రేకుమను చవక అయినాడు. ఇరవై సంవత్సరాల ఆందోళన తరువాత 1893లో చట్టము వచ్చినది.

ఐర్లండులోని ఆర్మా వద్ద 1889 జూన్ 12న బడి పిల్లల విహారయాత్ర బండి వాలు మీద విడిపోయి వెనుకకు దొర్లి సుమారు 80 మందిని బలిగొన్నది. ఆ బండికి ఉన్నది విడిపోయినంతనే వదిలివేసే రకపు బ్రేకు. తానే పడే బ్రేకు అప్పటికే ఉన్నది, తప్పనిసరి చేయమని తనిఖీ అధికారులు ఏండ్ల తరబడి చెప్పినారు. కంపెనీలు ఖర్చు అన్నవి. ఆ 80 శవాల తరువాత కొద్ది నెలలకే చట్టము వచ్చినది.

మన దేశములో లోకో రన్నింగ్ సిబ్బంది 1973లో పోరాడితే గాని పది గంటల పని అన్న మాట మంత్రి నోట రాలేదు. ఆ మాటను అమలు చేయించుటకు నేటికీ పోరాడుతూనే ఉన్నాము. పది గంటల పనికీ, వాల్వుకూ సంబంధము ఏమని ఎవరైనా అడగవచ్చును. కంప్రెసరు శబ్దము మారినదని మొదట వినేది డ్రైవరు చెవి. పధ్నాలుగు గంటలు నిద్ర లేని చెవికి ఏ శబ్దము మారినట్లు తోచును?

తపాలా సోదరులకు ఒక మాట

“ఇది రైల్వేవారి గోడు, మాకేమి?” అని తపాలా సోదరులు అనుకొనరాదు. జగదల్‌పూర్ నుండి దర్భా ఘాటు దాటి సుక్మాకు వచ్చే బస్సుకూ లారీకీ బ్రేకు గాలితోనే పనిచేస్తుంది. అక్కడా ఒక చిన్న కంప్రెసరు, ఒక అన్‌లోడరు వాల్వు ఉన్నవి. తపాలా సంచీ ఆ గాలి మీద ఆధారపడి ఘాటు దిగుతుంది. రైలు వచ్చిన నాడు సంచీ ఆ రైలెక్కుతుంది, దానితో పాటు మన మనిషీ ఎక్కుతాడు.

మరొక సంగతి. కోవిడ్ రెండవ విజృంభణలో, 2021 ఏప్రిల్‌లో, విశాఖ ఉక్కు కర్మాగారము నుండి మహారాష్ట్రకు ప్రాణవాయువు నింపుకొని తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్‌ను నడిపినది మన రైల్వే సోదరులే. తరువాత ప్రతి జిల్లాలోనూ గాలి నుండి ఆక్సిజను తీసే యంత్రము పెట్టినామని అదే సంవత్సరము అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. ఆ యంత్రమేమి? ఒక కంప్రెసరు, రెండు స్తంభాలు, వాటి మధ్య నిమిషము నిమిషమూ మారుతూ తెరచి మూసే వాల్వులు. ఒక స్తంభము నత్రజనిని పట్టి ఉంచుతుండగా రెండవది దానిని వదిలివేస్తుంది. ఆ మార్పిడి వాల్వు ఒకటి బిగుసుకొన్నదా, గొట్టములో వచ్చేది ఆక్సిజను కాదు, వట్టి గాలి. ప్రారంభోత్సవానికి రిబ్బను కత్తిరించుటకు మంత్రులు దొరికినారు. వాల్వు విప్పి తుడుచుటకు జిల్లాకు ఒక శాశ్వత మెకానిక్కు పోస్టు మంజూరైనదా? సుక్మా వంటి జిల్లాలో అడవి గ్రామము నుండి జ్వరముతో వచ్చే ఆదివాసీ బిడ్డకూ, ఆ గ్రామానికి సైకిలు మీద ఉత్తరము మోసే గ్రామీణ డాక్ సేవకునికీ ఆ జవాబు కావాలి. రైల్వే షెడ్డులోనైనా జిల్లా ఆసుపత్రిలోనైనా ప్రశ్న ఒకటే: యంత్రము కొన్నవారు మనిషిని కొలువులో పెట్టినారా?

మన కోర్కెలు

కావున ఈ క్రింది కోర్కెలను యాజమాన్యము ముందు ఉంచవలెనని అన్ని శాఖలను కోరుతున్నాము.

1. కొత్తగూడెం–కిరండూల్ మార్గపు అంచనాలలో పట్టాలతో పాటే కంప్రెసరు, బ్రేకు వాల్వుల మరమ్మతు షాపునకు, పరీక్షా బెంచీకి, శాశ్వత సిబ్బంది పోస్టులకు నిధులు కేటాయించాలి. షాపు సిద్ధము కానిదే ఖనిజపు బండి కదలరాదు.

2. ప్రతి ఇంజను షెడ్డుకు వచ్చినప్పుడెల్లా ప్రధాన రిజర్వాయరు నిండుటకు పట్టిన సమయమును, వాల్వు మూతల వేడిని కొలిచి రిజిస్టరులో వ్రాయాలి. సమయము క్రమముగా పెరుగుతున్న ఇంజనును గడువు వరకు వేచి ఉండక విప్పాలి. ఆ రిజిస్టరు సంఘ ప్రతినిధులకు అందుబాటులో ఉండాలి.

3. వాల్వు పలకలు, స్ప్రింగులు పూర్తి సెట్టుగా మార్చాలి. పాత స్ప్రింగు మీద కొత్త పలక వేసే పొదుపును మానాలి. రబ్బరు భాగాలపై తయారీ తేదీ లేనిదే స్వీకరించరాదు, గడువు దాటినవి గోదాములో ఉంచరాదు.

4. గాలి నిండుట ఆలస్యమగుచున్నదని వ్రాసి ఇచ్చి ఘాటు సెక్షనులో బండి తీయుటకు నిరాకరించిన డ్రైవరుపై, ఆ ఇంజనును వదలుటకు నిరాకరించిన ఫిట్టరుపై ఏ చర్యా ఉండరాదు.

5. ప్రమాద విచారణలో కంప్రెసరు, వాల్వుల మూడు సంవత్సరాల మరమ్మతు చరిత్ర, మంజూరైన పోస్టులు, ఖాళీ పోస్టుల వివరాలు మొదటి పత్రముగా చేర్చాలి. అది చూడనిదే ఎవరినీ సస్పెండు చేయరాదు.

6. వాల్వుల పనిలో ఉన్న కాంట్రాక్టు కార్మికులకు శిక్షణ ఇచ్చి క్రమబద్ధము చేయాలి.

ఈ కోర్కెలలో ఒక్కటైనా జీతము పెంచమన్నది కాదు, గమనించండి. జీతము కొరకు మనము అడిగినప్పుడు స్వార్థమన్నారు. ప్రయాణికుని ప్రాణము కొరకు అడుగుతున్నాము. ఇప్పుడేమంటారో చూతము.

ప్రతి శాఖ రాబోయే నెలలో సర్వసభ్య సమావేశము జరిపి ఈ కోర్కెలపై తీర్మానము చేయవలెను. రైల్వే, తపాలా శాఖలు ఉన్న చోట్ల ఉమ్మడిగా జరపవలెను. కిరండూల్, బచేలీ, జగదల్‌పూర్, కొత్తగూడెం, విశాఖ సోదరులు తమ షెడ్డులలో, డిపోలలో కంప్రెసర్ల స్థితిని లెక్క వేసి తీర్మానమునకు జతపరచవలెను. ఉపన్యాసము కన్న లెక్క బలమైనది. లెక్క మన చేతిలో ఉన్న నాడు ఛార్జిషీటు వ్రాసే కలము వణుకుతుంది.

సుక్మాకు రైలు రావాలి. దానితో పాటు రైలును ఆపగలిగే గాలి రావాలి, గాలిని కాపాడే వాల్వు రావాలి, వాల్వును కాపాడే మనిషికి గౌరవము రావాలి. మొదటిది మాత్రము ఇచ్చి మిగిలిన మూడింటినీ ఎగవేయుటకు మనము ఒప్పుకొనేది లేదు!